టైపింగ్ ఎక్కువ, బడ్జెట్ తక్కువ: ఏ లాప్‌టాప్ తీసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను అనువాదాలు చేస్తాను, ప్రూఫులు చూస్తాను, రోజుకి అయిదారు గంటలు టైపింగే. ఇప్పుడున్నది 15.6 అంగుళాల లాప్‌టాప్. కీ నొక్కితే బల్లని వేలితో పొడిచినట్టే ఉంటుంది, పైగా కీబోర్డు మధ్యలో కిందికి కుంగుతుంది. సాయంత్రానికి వేళ్ల కొసలు, ఎడమ మణికట్టు లాగేస్తున్నాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో (విండోస్‌లో ఉండే ప్రామాణిక తెలుగు కీబోర్డు అమరిక) కొడతాను. గేమ్స్, వీడియో ఎడిటింగ్ ఏమీ లేవు. వర్డ్, బ్రౌజర్, పీడీఎఫ్‌లు అంతే. ఎవరిని అడిగినా ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి చెప్తున్నారు తప్ప కీబోర్డు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. తక్కువలో ఏం చూసుకుని కొనాలో కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు:

మీ పనికి కొత్త చవక లాప్‌టాప్ వద్దండి. అదే డబ్బుకి ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ మోడల్ ఒకటి రీఫర్బిష్డ్‌లో, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేవాటిలో, తీసుకోండి. థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి. ఎందుకంటే ధర తగ్గించాలనుకున్నప్పుడు కంపెనీలు ప్రాసెసర్ పేరు తగ్గించవు, అది ప్రకటనలో కనపడుతుంది కాబట్టి; కోత పడేది బాడీ మీద, స్క్రీన్ మీద, కీబోర్డు మీద. మీది మధ్యలో కుంగడానికి కారణం కూడా అదే, కింద గట్టి ఆధారం లేకుండా పల్చటి ప్లాస్టిక్ ఉంటుంది. రోజంతా టైప్ చేసేవాళ్ల కోసం చేసిన మెషీన్లలో ఈ కక్కుర్తి తక్కువ.

కీ ఎంత లోతుకి దిగుతుందో దాన్ని కీ ట్రావెల్ అంటారు. డెస్క్‌టాప్ మెకానికల్ కీబోర్డులో అది సుమారు 4 మిల్లీమీటర్లు, లాప్‌టాప్‌లలో ఎక్కువగా 1 నుంచి 1.5 మధ్య, కొన్నేళ్ల కిందటి థింక్‌ప్యాడ్‌లలో 1.8 దాకా ఉండేది. యాపిల్ 2015లో బటర్‌ఫ్లై కీస్ అని బాగా పల్చగా చేసి, జనం గగ్గోలు పెట్టాక 2019 చివర్లో మళ్లీ పాత కత్తెర పద్ధతికే (కీ కింద రెండు ముక్కలు కత్తెరలా అడ్డంగా ఉండేది) వచ్చింది. మీరు 1.3కి తక్కువ ఉన్నవి చూడకండి. అయితే ఆ అంకె ఒక్కటే నమ్మినా లాభం లేదు, కీ సగం దిగాక పడిందని వేలికి చిన్న తట్టులా తెలియాలి, అది తెలియకపోతే మనం అడుగుదాకా గుద్దుతూనే ఉంటాం, వేళ్ల కొసల నొప్పి అక్కడినుంచే రావచ్చు.

ఎడమ మణికట్టు అన్నారు కదా, మీ 15.6లో కుడివైపు నంబర్ ప్యాడ్ ఉందా? ఉంటే అసలు కీబోర్డు ఎడమకి జరిగిపోతుంది. స్క్రీన్ మధ్యలో మీరు కూర్చుంటారు, చేతులు మాత్రం ఎడమకి ఒరుగుతాయి, రోజూ గంటల తరబడి అలాగే. అంకెలు ఎక్కువ కొట్టే పని కాదు కాబట్టి 14 అంగుళాలది, నంబర్ ప్యాడ్ లేనిది తీసుకోండి. అక్షరాల కీస్ సైజు 14లో కూడా మామూలే, దాని గురించి భయం అక్కర్లేదు.

ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, ఇది ఇంగ్లీషు రివ్యూల్లో దొరకదు. చ, ట, డ మనకి కుడి చివర సెమికోలన్, కొటేషన్, స్క్వేర్ బ్రాకెట్ కీస్ మీద ఉంటాయి. ఇంగ్లీషు కొట్టేవాళ్లకి అవి ఎప్పుడో ఒకసారి వాడేవి, అందుకే కొన్ని చిన్న లాప్‌టాప్‌లలో ఆ కీస్‌ని సన్నగా నొక్కేస్తారు. మన చిటికెనవేలు మాత్రం పేజీలో వందసార్లు అక్కడికే వెళ్తుంది. అలాగే ఖ, ధ, ణ, ళ అన్నీ షిఫ్ట్‌తోనే. పొల్లు డి కీ మీద. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాయాలంటే ఆరు కీస్ కొట్టాలి, అందులో డి రెండుసార్లు. కాబట్టి రెండు షిఫ్ట్‌లూ వెడల్పుగా ఉండాలి. రీఫర్బిష్డ్‌లో ఒక్కోసారి యూరప్ లేఅవుట్‌వి వస్తాయి, వాటిలో ఎడమ షిఫ్ట్ సగమే ఉండి పక్కన ఇంకో కీ ఉంటుంది, ఫొటో పెద్దది చేసి చూడండి.

మిగతావి చకచకా: 8 జీబీ ర్యామ్‌కి తక్కువ వద్దు, స్టోరేజికి ఎస్‌ఎస్‌డీ ఉండాలి, ఈఎంఎంసీ (చవక, నెమ్మది రకం స్టోరేజి) అని రాసి ఉంటే వదిలేయండి. వెండి రంగు కీస్‌కి తెల్ల బ్యాక్‌లైట్ ఉన్నవి పగటి వెలుతురులో అక్షరాలు కనపడక విసిగిస్తాయి, నల్ల కీస్ మేలు.

ఇంకొకరి జవాబు:

పైన చెప్పినవన్నీ సరే కానీ, వారు ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేస్తే అసలు కొత్త లాప్‌టాప్ ఎందుకండీ? ఒక మంచి యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ కొనుక్కుని, లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి స్క్రీన్‌ని కంటి ఎత్తుకి తెస్తే మెడకి కూడా సుఖం. ఖర్చు చాలా తక్కువ.

అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. నంబర్ ప్యాడ్ ఉంది, మీరు చెప్పాక చూస్తే నిజంగానే ఎడమకి ఒరిగి కూర్చుంటున్నాను. విడి కీబోర్డు ఇంట్లో బాగానే ఉంటుంది కానీ వారంలో సగం రోజులు బయట కూర్చుని పని, అన్నీ మోసుకెళ్లలేను. రీఫర్బిష్డ్ అంటే కొంచెం టెన్షన్. ఎంత పాతదాకా వెళ్లొచ్చు? తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

జవాబు:

బయట తిరిగే పని అయితే లాప్‌టాప్ మార్చాల్సిందే. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరం నుంచి చూసుకోవాలి. అంటే 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5, లేదా వాటి తర్వాతవి. 7వ తరం ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దు. వీటిలో నా ఓటు టీ480కి: ర్యామ్ పెంచుకోవచ్చు, కీబోర్డు అరిగితే మదర్‌బోర్డు జోలికి పోకుండా అది ఒక్కటీ మార్చుకోవచ్చు. చాలా కొత్త చవక మోడళ్లలో కీబోర్డు పై కవర్‌కి అతికేసి ఉంటుంది, ఒక కీ పోయినా కవర్ మొత్తం మార్చాలి. టీ480లో ఎడమ మూలన కంట్రోల్ బదులు ఎఫ్‌ఎన్ కీ ఉంటుంది, కంగారు పడకండి, బయోస్‌లో (ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) రెండూ తారుమారు చేసుకోవచ్చు. స్క్రీన్ మాత్రం 1920×1080 అని రాయించుకోండి, అదే మోడల్‌లో 1366×768వి కూడా తిరుగుతున్నాయి, వాటిలో తెలుగు ఒత్తులు చదవాలంటే కళ్లు లాగుతాయి.

చేతికి రాగానే నోట్‌ప్యాడ్ తెరిచి ఇన్‌స్క్రిప్ట్‌లో మీ అనువాదంలోంచే రెండు పేరాలు కొట్టండి, పావుగంట ఆపకుండా. జీ, హెచ్, బీ దగ్గర గట్టిగా అదిమి కుంగుతుందేమో చూడండి. స్పేస్‌బార్‌ని రెండు చివర్లా నొక్కండి, షిఫ్ట్‌ని అంచు మీద నొక్కండి, ఎక్కడ నొక్కినా ఒకేలా దిగాలి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొడితే ఒక ఫైల్ తయారవుతుంది, బ్యాటరీ మొదట ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో అందులో ఉంటుంది; సగానికి పడిపోయి ఉంటే ధర తగ్గించమని అడగండి. బయోస్‌లోకి వెళ్లి చూడండి, అక్కడ పాస్‌వర్డ్ అడిగితే పాత కంపెనీ లాక్ తీయలేదని అర్థం, వెంటనే వెనక్కి ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు ఉన్న చోటే కొనండి, గడువు లోపల ఇంటి బల్ల దగ్గర ఒకరోజు, బయట ఒకరోజు పూర్తిగా దాని మీదే పనిచేసి చూడండి.

అన్నట్టు, వేళ్లలో తిమ్మిరి గానీ, రాత్రిపూట కూడా మణికట్టు నొప్పి గానీ ఉంటే లాప్‌టాప్ వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించుకోండి.