డేల్ షెంక్ పట్టిన దారి సరైనదేనా?

గోదారిగట్టు:
అల్జీమర్స్ పరిశోధనలో పాతికేళ్ళు వృథా అయ్యాయన్న మాట వచ్చినప్పుడల్లా నాకు డేల్ షెంక్ గుర్తొస్తారు. అమైలాయిడ్ ప్రొటీన్ మెదడులో పేరుకోవడమే జబ్బుకు మూలమని నమ్మి, దాన్ని టీకాతో వదిలించాలని చూసిన న్యూరోసైంటిస్టు. 1999లో ఎలుకల్లో ఫలితం చూపించారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి బెడిసికొట్టింది: టీకా వేసుకున్న 300 మందిలో 18 మందికి మెదడువాపు వచ్చి 2002లో ట్రయల్ ఆపేశారు. అయినా పెద్ద కంపెనీలు అదే దారి పట్టాయి. ఆ డబ్బు, ఆ తెలివి వేరే వైపు మళ్ళిస్తే ఈపాటికి మంచి మందు వచ్చి ఉండేదని నా వాదన.

మైక్రోస్కోపు:
నేను ఒప్పుకోను. ఆ ఎలుకల ప్రయోగం ఏం చెప్పిందో చూడండి. మనిషి జన్యువు పెట్టిన ఎలుకలకు 6 వారాల వయసులోనే అమైలాయిడ్‌నే టీకాగా వేశారు. పెద్దయ్యాక వాటి మెదళ్ళలో ప్లాక్‌లు (పేరుకున్న అమైలాయిడ్ ముద్దలు) దాదాపు కనిపించలేదు. 11 నెలల ముదురు ఎలుకలకు వేసినా జబ్బు జోరు తగ్గింది. మన రోగనిరోధక శక్తి చేతే మెదడును శుభ్రం చేయించవచ్చని అప్పటిదాకా నమ్మినవాళ్ళు తక్కువ. టీకా వికటించాక, యాంటీబాడీలను బయట తయారుచేసి నేరుగా ఎక్కించే పద్ధతే ముందుకొచ్చింది. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే మందులు ఆ కోవలోవే.

అదే కోవలోని బాపినూజుమాబ్ అనే మందు 2012లో ఫెయిలైన మాట నిజమే. కానీ ఆ ట్రయల్స్‌లో చేరిన కొందరి మెదడులో అసలు అమైలాయిడే లేదని స్కాన్లలో తేలింది. లేనిదాన్ని తీసే మందు వాళ్ళకేం చేస్తుంది? షెంక్ 2016లో క్యాన్సర్‌తో పోయారు. లెకానెమాబ్ ఫలితాలొచ్చింది 2022లో. ఆయన చూడలేకపోయారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తెనాలి మందులషాపు:
మరి అమైలాయిడే మతిమరుపు తెస్తుందని ఎలుకల్లో చూపించిన ఆ 2006 పేపరో? బొమ్మలు మార్చారని 2024లో వెనక్కి తీసుకున్నారుగా!

మైక్రోస్కోపు:
అది వేరే ల్యాబ్‌దండీ, అమైలాయిడ్‌లో వేరే రూపం గురించి. షెంక్ పని దానికంటే ఏడేళ్ళు ముందుది. పైగా అమైలాయిడ్ తయారీకి మూలమైన ఏపీపీ అనే జన్యువులో మార్పు ఉన్న కుటుంబాల్లో తరతరాలుగా చిన్న వయసులోనే ఈ జబ్బు వస్తోందని 1991లోనే తేలింది.

గోదారిగట్టు:
జన్యువుల సంగతి సరే. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది చదివారా? తొలి టీకా తీసుకుని తర్వాత చనిపోయిన 8 మంది మెదళ్ళు పరీక్షించారు. కొందరిలో ప్లాక్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా 8 మందిలో ఏడుగురు పోయేనాటికి జబ్బు చివరి దశలోనే ఉన్నారు. లెకానెమాబ్ తెచ్చిన తేడా ఎంత? జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద, ఏడాదిన్నరకి 0.45. దానికోసం రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించుకోవాలి, మధ్యలో ఎమ్మారైలు తీయించుకోవాలి. అమెరికాలో మందు ధరే ఏడాదికి 26,500 డాలర్లు. మా అత్తయ్య నన్ను గుర్తుపట్టి ఏడాది దాటింది. ఆవిడకేం ఒరిగింది?

మైక్రోస్కోపు:
మీ అత్తయ్యగారి దశలో ఈ మందు ఇవ్వరు, అది నేనూ కాదనను. 0.45 చిన్నదే. కానీ ఆ 8 మందికీ టీకా వేసేనాటికే జబ్బు బయటపడింది. పోయిన నరకణాలను ఏ యాంటీబాడీ తిరిగి తేలేదు. షెంక్ ఎలుకల్లో బాగా పనిచేసింది కూడా ప్లాక్‌లు రాకముందు వేసిన వాటిలోనే కదా! మెదడులో అమైలాయిడ్ ఉండి మతిమరుపు ఇంకా రానివాళ్ళకు లెకానెమాబ్ ఇచ్చి చూసే అహెడ్ ట్రయల్ 2020 నుంచి నడుస్తోంది. అందులోనూ తేడా రాకపోతే మీ వాదనే నెగ్గిందని ఇక్కడే రాస్తాను.