వడ్డాణం కింద ఇచ్చిన ఊళ్లు

ప్రశ్న: గ్రీకు రచయిత జెనొఫోన్ ‘అనాబసిస్’ను తెలుగు చేస్తూ ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను. క్రీ.పూ. 401లో రాజైన అన్న మీద దండెత్తిన చిన్న సైరస్ సేన సిరియాలో కొన్ని ఊళ్లలో విడిది చేస్తుంది. అవి అతని తల్లి, పారసీక రాజమాత పారిసాటిస్‌వి. ఆమెకు ‘జోనె’ కోసం ఇచ్చినవట. జోనె అంటే నడుముకు కట్టుకునేది. నడికట్టు కోసం ఊళ్లేమిటి? తెలుగులో ఎలా రాయాలి?

జవాబు: ‘పసుపుకుంకుమల కింద’ అనండి. ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద రెండెకరాలు రాశారంటే ఆ పొలంలో పసుపు పండించమని ఎవరూ అనుకోరు కదా. ఇదీ అంతే. హెరొడోటస్ కూడా ఈజిప్టులోని ఆంథిల్లా అనే ఊరు పాలకుడి భార్య చెప్పుల ఖర్చుకు కేటాయించినదని రాశాడు. ప్లేటో పేరున ఉన్న ఒక సంభాషణలోనైతే, దాటడానికి దాదాపు రోజంతా పట్టే సారవంతమైన నేలను అక్కడివాళ్లు ‘రాజు భార్య నడికట్టు’ అనే పిలుస్తారు. ఇంకొక నేల పేరు ఆమె ‘ముసుగు’.

మరొక జవాబు: పోలిక చక్కగా ఉందండీ, కానీ అనువాదంలో నేను ఒప్పుకోను. పసుపుకుంకుమ అనగానే పుట్టిల్లు, సౌభాగ్యం కళ్లముందుకొస్తాయి. 401 నాటికి పారిసాటిస్ భర్త రెండవ డరయస్ చనిపోయి మూడేళ్లు. అయినా ఊళ్లు ఆమెవే. పైగా వాటిని పుట్టింటివారు ఇచ్చారని జెనొఫోన్ అనలేదు. ‘వడ్డాణం కింద ఇచ్చిన ఊళ్లు’ అంటే చాలు. జీతం కింద, కట్నం కింద అన్నప్పుడు పనిచేసే ఆ ‘కింద’ ఇక్కడా అర్థమంతా మోస్తుంది.

ప్రశ్న: వడ్డాణమంటే బంగారమే అనుకుంటారేమో?

జవాబు: అనుకోనివ్వండి. నడికట్టు అంటే తలపాగా చుట్టిన బంటు గుర్తొస్తాడు, రాజమాత గుర్తురాదు.

ఈ మాట మీద ఇంత పట్టుబట్టడానికి కారణముంది. పారిసాటిస్ అనగానే అందరూ ఒకటే కథ చెబుతారు: కత్తికి ఒక పక్కనే విషం పూసి, పిట్టను రెండుగా కోసి, విషం అంటిన సగం కోడలు స్టాటెయిరాకు పెట్టి, మిగతా సగం తాను తిన్నదని. ప్లూటార్క్ చెప్పిన కథ అది. ఆమె భూముల సంగతి ఎవరూ ఎత్తరు. బాబిలోనియాలోని నిప్పూరులో దొరికిన, మురషూ అనే వ్యాపార కుటుంబపు మట్టిపలకల్లో ఆమె పొలాలూ, వాటిని చూసే అధికారీ కనిపిస్తారు. సైరస్ యుద్ధంలో చచ్చిపోయాక, అతన్ని అవమానించడానికి రాజు పక్షాన ఉన్న పారసీక అధికారి టిస్సఫెర్నెస్ ఎంచుకున్నది కూడా టైగ్రిస్ దారిలోని ఆమె ఊళ్లనే. మనుషులను మాత్రం బానిసలుగా పట్టుకోవద్దని చెప్పి, దోచుకోమని, సైరస్ వెంట వచ్చిన గ్రీకు సైనికులకు అప్పగించాడు. వాళ్లకు ధాన్యం, గొర్రెలు బాగా దొరికాయి.

మీ అనువాదంలో అక్కడికి వచ్చేసరికి, ఈ వడ్డాణం పాఠకుడికి గుర్తుండాలి.