లాయం, తబేలా, బగ్గీఖానా: ఏ మాట ఏ కట్టడానికి?

సభ్యులకు నమస్కారం. ఇంగ్లండులోని చాట్స్‌వర్త్ ఎస్టేటు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. భవంతి, తోట, ఫౌంటెన్ల దాకా ఇబ్బంది లేదు. గుర్రాలు కట్టే కట్టడం దగ్గర కలం ఆగిపోయింది. ముందు ‘గుర్రపుశాల’ అని రాశాను. అర్థానికి లోటు లేదు గానీ, చదివేవాళ్లకు నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పిన కొట్టం కనిపిస్తుందేమోనని టెన్షన్.

అక్కడున్నది అలాంటిది కాదు. భవంతికి ఈశాన్యాన ఎత్తు మీద, నాలుగో డెవన్‌షైర్ డ్యూక్ కోసం జేమ్స్ పెయిన్ అనే వాస్తుశిల్పి గీసిన కట్టడం. సుమారు 1758 నుంచి 1767 దాకా కట్టారు. మండువా లోగిలిలా నాలుగు పక్కలా గదులు, నడుమ ఖాళీ జాగా; కాకపోతే ఒక్కో పక్క దాదాపు 190 అడుగులు, పైగా రెండంతస్తులు. సింహద్వారానికి నాలుగు స్తంభాలు, వాటిపైన వంశచిహ్నం, నిజం కొమ్ములు తగిలించిన రెండు దుప్పి బొమ్మలు, ఆపైన గడియార గోపురం. లోపల 80 గుర్రాలకు చోటు, లాడాలకు కమ్మరి కొలిమి. మేడ మీద దాణా కొట్లు, గుర్రాలను చూసుకునే సైసుల గదులు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, ఆ దాణాకే ఒక అంతస్తులో చోటిచ్చారు!

దీనికి నాకు తోచిన మాటలు ఇవి. ‘వాజిశాలా తు మందురా’, అంటే గుర్రాల శాలే మందుర అని సంస్కృత నిఘంటువు అమరకోశం చెబుతుంది. ‘మందుర’ అందమైన మాటే, కానీ ఇవాళ అర్థం చెప్పుకోకుండా వాడలేం. ‘అశ్వశాల’ అంటే పురాణం చదువుతున్నట్టుంటుంది. ‘తబేలా’ అరబ్బీ ‘తవీలా’ నుంచి వచ్చింది. గుర్రాలను వరసగా కట్టే పొడుగాటి తాడు పేరు అది, చివరికి చోటుకే పేరైంది. ఈ కథ నాకెంతో ఇష్టం. కానీ ఇప్పుడు తబేలా అంటే గేదెలు, పాలే గుర్తొస్తాయి. ఇక ‘లాయం’. ఈ మాట వింటే రాజుగారి గుర్రాలు, వాటి వెనక పెద్ద కట్టడం, పనివాళ్లు అన్నీ కలిసి కనిపిస్తాయి. నా ఓటు దానికే.

చిక్కల్లా గుర్రపు బండ్లు నిలిపే కట్టడంతోనే. దాన్ని కూడా లాయంలో కలిపేస్తే తప్పవుతుంది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఘాటుకు బండ్ల వార్నిష్, సీట్ల తోలు పాడవుతాయి. అందుకే పెద్ద ఎస్టేట్లలో బండ్లను గుర్రాలకు ఎడంగా, వెడల్పాటి ఎత్తు తలుపులున్న గదుల్లో ఉంచేవారు. చాట్స్‌వర్త్‌లో ఆరో డ్యూక్ 1830లలో లాయం వెనక దీన్ని విడిగా కట్టించాడు. పేరు కూడా విడిగానే ఉండాలి కదా? మీరేమంటారు?

జవాబు (గుంటూరు): లాయం బాగుందండీ. రెండోదానికి ‘శకటశాల’ అనండి. పాఠశాల, వంటశాల ఉన్నట్టే ఇదీ. ఇంకో మాట: లాయం పెద్దకు ‘సాహిణి’ అని రాస్తే ఎలా ఉంటుంది? గుర్రాల దళాన్ని నడిపేవాడికి ఆ పేరుండేది. కాకతీయ గణపతిదేవుడి కాలపు గంగయ సాహిణి పేరులో ఉన్నది అదే.

జవాబు (హైదరాబాద్): శకటం అంటే నాకు రిపబ్లిక్ డే ఊరేగింపే కళ్ల ముందుకొస్తుంది. కొత్త మాట ఎందుకు సార్, మా ఊళ్లో ఉన్న మాటే ఉందిగా. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాముల బగ్గీలు ఉంచిన చోటును ‘బగ్గీఖానా’ అనే అంటారు. కార్ఖానా, దవాఖానా మనవే అయినప్పుడు ఇదెందుకు కాదు?

అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘సాహిణి’ సైన్యం మాట, ఎస్టేటు నౌకరుకు బరువెక్కువ అనిపిస్తోంది. ఇక్కడ వాడను గానీ గుర్తు చేసినందుకు చాలా సంతోషం. ‘బగ్గీఖానా’ మాత్రం కళ్లకద్దుకుని తీసుకుంటున్నాను. మనవాళ్లు అలాంటి కట్టడాన్నే చూసి పలికిన మాట అది. నా వాక్యం ఇలా మారింది: ‘లాయంలోంచి చివరి గుర్రాలు 1939లో వెళ్లిపోయాయి. వెనకనున్న బగ్గీఖానాలో తర్వాత 250 మంది కూర్చునే రెస్టారెంటు పెట్టారు.’

ఇంకొకటి మిగిలింది. జీన్లు, కళ్లేలు, పగ్గాలు తగిలించే గది. తోలుకు చెమ్మ తగలకుండా అందులో నిప్పుగూడు కూడా పెట్టేవారు. దీనికి మీ వైపు మాట ఏదైనా ఉంటే చెప్పండి.