చెస్ ఆటల వివరణలున్న పుస్తకం కొనాలి: 1480 రేటింగ్ ఉన్న పాపకు ఏది పనికొస్తుంది?

ప్రశ్న:
నమస్తే అండీ. మా పాపకు పన్నెండేళ్లు, ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ 1480. పజిల్స్ బాగా చేస్తుంది, ఓపెనింగులు కూడా గుర్తుంటాయి. పది పన్నెండు ఎత్తులయ్యాక మాత్రం ఏం చేయాలో తోచక పావుల్ని ఊరికే అటూ ఇటూ జరుపుతోంది. టోర్నమెంటులో అక్కడే టైమ్ అయిపోయి టెన్షన్ పడుతోంది. వాళ్ల కోచ్ గారు పెద్ద ఆటగాళ్ల ఆటలు వివరణతో ఉన్న పుస్తకం ఒకటి చదివించమన్నారు, ఏ పుస్తకమో చెప్పలేదు. వెతికితే ఫిషర్, తాల్, కాస్పరోవ్ అని చాలా వస్తున్నాయి. పాత పుస్తకాల షాపులో అలెఖిన్ పుస్తకం చవగ్గా దొరికింది గానీ అందులో ఎత్తులు పి-కె4 అన్నట్టు రాసి ఉన్నాయి, పాపకు అర్థం కాలేదు. నాకు పావులు ఎలా కదులుతాయో తెలుసు, అంతవరకే. పాప ఇంగ్లీషు హాయిగా చదువుతుంది. ఏది కొనమంటారు?

మొదటి జవాబు:
మీ కోచ్ గారు సరైన మాటే చెప్పారండీ. ఓపెనింగ్ అయ్యాక ఏం చేయాలన్నది పజిల్స్‌తో రాదు. పజిల్‌లో ఇక్కడేదో ఉందని ముందే తెలిసిపోతుంది. అసలు ఆటలో ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు.

పాత ప్రపంచ చాంపియన్ల ఆటల మీద కాస్పరోవ్ రాసిన ఐదు సంపుటాలు ఇప్పుడు వద్దు. గొప్ప పని అది, చరిత్ర కోసం నేనిప్పటికీ తీసి చదువుతాను. కానీ ఒక ఎత్తు కింద అరపేజీ వేరియేషన్లు, అంటే ఇలా ఆడి ఉంటే ఏమయ్యేదో చూపే ఎత్తుల వరుసలు, ఉంటాయి. మీ పాప స్థాయిలో వాటిని బోర్డు మీద ఆడి చూసి, మళ్లీ అసలు స్థితికి రావడానికే ఓపిక అయిపోతుంది.

ఇర్వింగ్ చెర్నెవ్ రాసిన 'లాజికల్ చెస్: మూవ్ బై మూవ్'తో మొదలుపెట్టండి. 1957లో వచ్చింది, 33 ఆటలు. ప్రతి ఎత్తుకూ వివరణ ఉంటుంది, మొదటి ఎత్తుతో సహా. ఇ4 (రాజు ముందున్న బంటును రెండు గడులు తోయడం) ఎందుకు ఆడారో ఒక ఆటలో చెప్పి, తర్వాతి ఆటలో మళ్లీ చెబుతాడు. పెద్దవాళ్లకు విసుగనిపించవచ్చు. పిల్లలకు ఆ పునరుక్తే మేలు చేస్తుంది, కారణం అడిగే అలవాటు పడుతుంది.

ఈ పుస్తకంతో ఒక జాగ్రత్త అవసరం. కోట కట్టిన రాజు ముందు బంటును హెచ్3కో హెచ్6కో తోస్తే చాలు, చెర్నెవ్ పెద్ద నేరంలా చూస్తాడు. ఇప్పటి గ్రాండ్‌మాస్టర్లు ఆ ఎత్తు రోజూ ఆడుతున్నారు. పైగా గెలిచినవాడు వేసినదంతా ముందే వేసుకున్న ప్రణాళికలా, ఓడినవాడికి మొదటి నుంచీ దారే లేనట్టు రాస్తాడు. ఫలితం తెలిశాక ఆట అలాగే కనబడుతుంది. అందుకే ఆ పుస్తకంతో ఆగిపోవద్దు.

దాని వెంటనే మాక్స్ ఊవే, వాల్టర్ మైడెన్ కలిసి రాసిన 'చెస్ మాస్టర్ వర్సెస్ చెస్ అమెచ్యూర్' చదివించండి. ఊవే 1935లో అలెఖిన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయినవాడు. ఇందులో 25 ఆటలు, అన్నీ మాస్టరుకూ మామూలు ఆటగాడికీ మధ్య. ఇది చాలామంది పట్టించుకోరు గానీ, ఈ రేటింగ్‌లో నా మొదటి ఓటు దీనికే. ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆడుకుంటే, మీ పాప చేసే తప్పులు బోర్డు మీదకే రావు. ఇద్దరూ వాటిని ముందే చూసి తప్పించుకుంటారు. అవి ఎందుకు తప్పులో చదివేవాళ్లకు తెలిసే అవకాశమే ఉండదు. ఈ పుస్తకంలో మామూలు ఆటగాడు ఆ తప్పు చేస్తాడు, మాస్టర్ దానికి శిక్ష ఎలా వేస్తాడో కళ్లముందు కనబడుతుంది.

పుస్తకం పేరు ఏదైనా, కొనేముందు నమూనా పేజీలు తెరిచి ఒక్కటి చూడండి. మంత్రిని బలిచ్చిన చోటు చూడకండి, అక్కడ ఎవరైనా బాగానే రాస్తారు. పదిహేనో ఎత్తు దగ్గర, ఏ గొడవా లేని చోట చూడండి. బిషప్ ఈ గడికే ఎందుకు వచ్చింది, మనకు సహజంగా తోచే ఇంకో ఎత్తు ఎందుకు కుదరదు, ఎదుటివాడు ఏం చేయాలనుకుంటున్నాడు? ఇవి మాటల్లో ఉంటే పుస్తకం మంచిది. బెల్‌గ్రేడ్ నుంచి 1966లో మొదలైన 'ఇన్ఫార్మెంట్' అనే ఆటల సంకలనాల పాత సంపుటాల్లో వివరణంతా గుర్తుల్లోనే ఉంటుంది, ఏ భాషవాళ్లయినా చదవొచ్చని. మాస్టర్లకు అది నిధి, పాపకు ఇప్పుడు పనికిరాదు.

ఇంకో సభ్యుడు:
పి-కె4 సంగతి నేను చెబుతాను. అది పాత డిస్క్రిప్టివ్ పద్ధతి. అందులో నిలువు వరుసలకు పావుల పేర్లు ఉంటాయి, గడుల్ని ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెడతారు. అందుకే ఒకే గడికి రెండు పేర్లు: ఇప్పుడు మనం ఇ4 అనే గడి తెల్లవాళ్లకు కె4, నల్లవాళ్లకు కె5. ఫిడే 1981 నుంచి ఆల్జీబ్రాయిక్ పద్ధతినే, అంటే ఇ4 లాగా ఒక్కో గడికి ఒకే పేరు ఉండే పద్ధతినే, గుర్తిస్తోంది. పాపతో ఇప్పుడు పాత పద్ధతి నేర్పించకండి, ధ్యాస ఆట మీద నుంచి అక్షరాల మీదకు పోతుంది. అలెఖిన్ పుస్తకం మాత్రం దాచండి, బంగారం లాంటి ఆటలు.

కొనేటప్పుడు ఏ ముద్రణో తప్పకుండా చూసుకోండి. చెర్నెవ్‌ది బాట్స్‌ఫోర్డ్ వేసిన ఆల్జీబ్రాయిక్ ముద్రణ ఉంది, అది తీసుకోండి. ఆయనదే 62 ఆటల పుస్తకం ఒకటి డోవర్ వేసింది, అది పాత పద్ధతిలోనే ఉంది. ఫిషర్ 60 ఆటల పుస్తకం ఎప్పుడైనా కొంటే బాట్స్‌ఫోర్డ్ 2008 ముద్రణ తీసుకోండి. 1995 ముద్రణలో ఆయన రాసినదాన్ని మార్చారని పెద్ద గొడవైంది.

మరొకరు:
బ్రాన్‌స్టీన్ రాసిన జూరిచ్ 1953 టోర్నీ పుస్తకం ఎవరూ చెప్పలేదేంటి? 15 మంది, 210 ఆటలు, ఆ టోర్నీలో ఆడినవాడే రాశాడు. వేరియేషన్లు తక్కువ, ఆలోచన ఎక్కువ. పిల్లలకు కూడా ఇవ్వొచ్చు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
నాకూ ప్రాణమే ఆ పుస్తకం. నల్ల గడుల బలహీనత గురించీ, కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగ్‌లో నల్లవాళ్ల ఎదురుదాడి గురించీ అంత విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. డోవర్ ముద్రణ ఆల్జీబ్రాయిక్‌లోనే ఉంది కూడా. కానీ చాలా ఎత్తులు వివరణ లేకుండానే దాటిపోతాయి, మాస్టర్లకు తెలిసిందే కదా అన్నట్టు. 1480 దగ్గర ఆ ఖాళీలను పాప సొంతంగా నింపుకోలేదు. 1800 వచ్చాక ఇవ్వండి, అప్పుడు విందు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. ఇంకో రెండు సందేహాలు. పాపకు ఆనంద్ అంటే ఇష్టం, ఆయన పుస్తకం ఇవ్వొచ్చా? కోనేరు హంపి ఆటలు కూడా చూడాలంటోంది. ఇంకొకటి, పుస్తకం చదివించడం ఎలా? కథల పుస్తకంలా చదివేసి పక్కన పెట్టేస్తుందేమో.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఆనంద్ తన ఆటల మీద రాసిన 'మై బెస్ట్ గేమ్స్ ఆఫ్ చెస్' 1998లో వచ్చింది, 2001లో ఇంకొన్ని ఆటలు చేర్చారు. ఆడినవాడే రాసిన పుస్తకంలో ఒక లాభం ఉంది, ఆ క్షణంలో బుర్రలో ఏం నడిచిందో తెలుస్తుంది. ఫిషర్ తన 60 ఆటల్లో ఓడినవీ పెట్టాడు, అందుకే ఆ పుస్తకమంటే నాకు అంత గౌరవం. ఆనంద్ పుస్తకంలో లెక్కలు ఎక్కువ. ఇష్టం కదా అని కొని ఇంట్లో ఉంచండి, చదవడం మాత్రం ఊవే తర్వాత.

మధ్యలో ఇంకో మెట్టు కావాలంటే జాన్ నన్ 'అండర్‌స్టాండింగ్ చెస్ మూవ్ బై మూవ్' ఉంది. 2001 నాటిది, 30 ఆటలు. చెర్నెవ్‌లాగే మాటల్లో చెబుతాడు, ఆటలు మాత్రం ఆధునికం. ఓడినవాడు ఎలా పోరాడాడో, ఎక్కడ బతికే అవకాశం పోగొట్టుకున్నాడో కూడా చూపిస్తాడు. చెర్నెవ్‌లో నేను చెప్పిన లోటు ఇక్కడ తీరుతుంది.

హంపి ఆటలు డేటాబేసుల్లో ఉచితంగా దొరుకుతాయి. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది కదా, అందులో ఒక ఆట తీసి పాపనే వివరణ రాయమనండి. తెలుగులో రాసినా సరే. ఇది ఒక పుస్తకం పూర్తయ్యాక పెట్టండి.

ఇక చదివించే పద్ధతి. ఫోన్ వద్దు, బల్ల మీద బోర్డు, పావులు పెట్టండి. పుస్తకం మీ చేతిలో ఉండాలి. ఓపెనింగ్ ఎత్తులు ఆడించేశాక, గెలిచినవాళ్ల ప్రతి ఎత్తు దగ్గరా ఆపి "నువ్వయితే ఏం ఆడతావు, ఎందుకు?" అని అడగండి. ఆమె చెప్పాకే పుస్తకంలోని ఎత్తు, దాని వివరణ చదివి వినిపించండి. దీనికి మీకు ఆట బాగా రావాల్సిన పని లేదు, ఎత్తు చదవడం వస్తే చాలు. ఆమె చెప్పిన ఎత్తు తేడాగా ఉంటే తప్పని అనకండి, నోట్‌బుక్‌లో రాయించండి. ఒక ఆటను రెండు రోజులకు పంచినా నష్టం లేదు.

ఇంకో సభ్యుడు:
కంప్యూటర్ ఇంజిన్ మాత్రం ఆట మొత్తం అయ్యేదాకా తెరవనివ్వకండి. పాత పుస్తకాల్లో విశ్లేషణంతా చేత్తో చేసింది, తప్పులు దొరుకుతాయి. దొరికితే పుస్తకం పనికిరానిదని పాప అనుకోకూడదు. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకుని, కోచ్ గారి దగ్గరకు బోర్డుతో సహా తీసుకెళ్లమనండి.

ప్రశ్న అడిగినవారు:
సరేనండీ. చెర్నెవ్ ఆల్జీబ్రాయిక్ ముద్రణ ఈ రోజే ఆర్డర్ పెడతాను, ఊవే పుస్తకం లైబ్రరీలో ఉందేమో రేపు కనుక్కుంటాను.