రైబోజోమ్ తనంతట తానే అమరుతుందా, కణం కూర్చాలా?

శ్రీవిద్య_బయో: కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కి రెండు భాగాలు (సబ్‌యూనిట్లు) ఉంటాయి కదా. "రైబోజోమ్ సబ్‌యూనిట్లు వాటంతట అవే అమరుతాయి" అని రాస్తే పరీక్షలో సున్నా వేశారు. 1968లో ట్రౌబ్, నొమూరా ఇ.కోలై బ్యాక్టీరియా 16ఎస్ ఆర్‌ఎన్‌ఏనీ, దాని ప్రొటీన్లనీ పరీక్షనాళికలో కలిపితే పనిచేసే 30ఎస్ (చిన్న సబ్‌యూనిట్) వచ్చింది కదా! నా తప్పేంటి?

కణికుడు: తప్పే. ఆ 30ఎస్ కూడా చల్లగా ఉంచితే సగంలో ఆగిపోతుంది, వేడి చేస్తేగానీ కదలదు. 50ఎస్ (పెద్ద సబ్‌యూనిట్) అయితే మరీనూ. 1974లో నీర్‌హౌస్, డోమే మొదట 44 డిగ్రీల్లో, తర్వాత మెగ్నీషియం పెంచి 50 డిగ్రీల్లో ఉంచాల్సొచ్చింది. బ్యాక్టీరియా అదే పని 37 డిగ్రీల్లో నిమిషాల మీద ముగిస్తుంది. సహాయక ప్రొటీన్లు లేకుండా ఎలా?

శ్రీవిద్య_బయో: వేడి ఏ ప్రొటీన్‌ని ఎక్కడ పెట్టాలో చెప్పదు. ఆ సమాచారం ముక్కల్లోనే ఉంది.

రమణి77: ఈస్ట్‌లో సహాయక ప్రొటీన్లు 200 దాకా ఉన్నాయండీ. అక్కడి చిన్న సబ్‌యూనిట్‌లోని 18ఎస్ ఆర్‌ఎన్‌ఏకి చివరి కోత కేంద్రకం దాటాక నాబ్1 అనే ఎంజైమ్ వేస్తుంది.

శ్రీవిద్య_బయో: మళ్లీ ఈస్టా? నేనడిగింది 30ఎస్ గురించి.

కణికుడు: "సహాయక ప్రొటీన్లు వేగం పెంచేవే, లేకపోయినా పనవుతుంది" అని మా గైడ్ నా ప్రాజెక్టు ఆపేశారు. రెండేళ్ల కష్టం పోయింది. ఈ మాట వింటే అందుకే ఒళ్లు మండుతుంది. ఈస్ట్‌లో, మనలో పెద్ద సబ్‌యూనిట్ అయిన 60ఎస్‌కి చిన్నదైన 40ఎస్ వచ్చి ఆనుకునే వైపునే ఈఐఎఫ్6 అనే ప్రొటీన్ అతుక్కుని ఉంటుంది. ఎస్‌బీడీఎస్, ఈఎఫ్ఎల్1 అనే ప్రొటీన్లు కలిసి దాన్ని ఊడదీస్తేగానీ రెండూ జతపడవు. ఎస్‌బీడీఎస్ జన్యువు చెడితే ష్వాక్‌మన్-డైమండ్ అనే వంశపారంపర్య వ్యాధి వస్తుంది. దీన్ని వేగం అంటారా?

శ్రీవిద్య_బయో: మీ కష్టం అర్థమైంది, దాన్ని నా మీద చూపించకండి. ఆ ఈఐఎఫ్6ని అక్కడ పెట్టింది కణమే. పెట్టకపోతే తీసే పనే లేదు.

కణికుడు: పెట్టేదే అందుకు! సగం తయారైనది పనిలోకి దిగకూడదని.

శ్రీవిద్య_బయో: అది తనిఖీ. అమరిక వేరు. మీరు రెండూ కలిపేస్తున్నారు.

కణికుడు: కణంలో అవి విడివిడిగా జరగవు. అసలు ప్రశ్న ఏమిచ్చారు?

శ్రీవిద్య_బయో: "కణంలో రైబోజోమ్ సబ్‌యూనిట్లు ఎలా తయారవుతాయి?"

రమణి77: "కణంలో" అని ఉందిగా.

శ్రీవిద్య_బయో: ఉంది. సరే, నా జవాబు సగమే. ఆ సగానికైనా మార్కులు వేయొద్దా?

కణికుడు: వేయాలి. రీవాల్యుయేషన్‌కి పెట్టండి, 30ఎస్ ప్రయోగం సంగతి స్పష్టంగా రాయండి.