క్రిస్మస్ బహుమతుల మార్పిడికి ఆత్మీయ అర్థం ఉన్నదా?

ప్రశ్న (కోనసీమ, యువజన సమాజ సభ్యుడు):

ప్రభువు నామమున అందరికీ వందనములు. మా గ్రామ సంఘంలో క్రిస్మస్‌కు ముందు ఆదివారం చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వారికి బహుమతి ఇచ్చే పద్ధతి నడుస్తోంది. మొదట్లో చేతితో రాసిన వాక్యం, పెన్ను, మిఠాయి పొట్లం వంటివి ఇచ్చిపుచ్చుకునేవారం. క్రమేణా 300 రూపాయలకు తగ్గకూడదన్న నియమం వచ్చింది. నిరుడు కూలిపనికి వెళ్లే ఒక సహోదరి తన పేరు చీటీల్లో వేయవద్దని చెప్పి, ఆ సాయంకాలం కూడికకే రాలేదు. ఆమె తరఫున తామే కొనిపెడతామని పెద్దలు అన్నారు గాని ఆమె ఒప్పుకోలేదు. జ్ఞానులు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించిన సంగతినే మేము ఈ పద్ధతికి ఆధారంగా చెప్పుకుంటాము. ఆ ఆధారం సరైనదేనా? దీనిని సరిదిద్దుకోవాలా, మానివేయాలా?

జవాబు 1 (గుంటూరు, సంఘ పెద్ద):

తమ్ముడూ, జ్ఞానులు ఒకరికొకరు ఏమీ ఇచ్చుకోలేదు. తిరిగి ఏమీ ఇవ్వలేని శిశువు ముందు సాగిలపడి, పెట్టెలు విప్పి, వచ్చిన దారిన కాక వేరొక మార్గమున వెళ్లిపోయారు. కాబట్టి మార్పిడికి అక్కడ ఆధారం వెదకడం కష్టం. మీ ప్రశ్నకు నేరుగా తగిలే భాగం రెండవ కొరింథీ పత్రిక ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలలో ఉంది. యెరూషలేములోని బీదలైన పరిశుద్ధుల కోసం పౌలు చందా పోగుచేస్తున్నప్పుడు, మాసిదోనియ సంఘాలవారు తామే నిరుపేదలై ఉండి కూడా, ఆ పరిచర్యలో తమకు పాలు కావాలని అతనిని బతిమాలుకున్నారు. పేదవారిని ఇవ్వడం నుండి మినహాయించడం దయ అని మనం అనుకుంటాము. వారు ఆ మినహాయింపును కోరలేదు. మీ సహోదరి పెద్దల మాటకు ఒప్పుకోకపోవడంలో నాకు అదే కనిపిస్తోంది: తన చేతితో తాను ఇచ్చే భాగ్యాన్ని మరొకరు తీసుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

ఆ అధ్యాయంలోనే పౌలు మరొక మాట స్థిరపరిచాడు. సిద్ధమైన మనస్సు ఉంటే, లేనిదానిని బట్టి కాక కలిగినదానిని బట్టియే ఇచ్చినది ప్రీతికరమవుతుంది. కానుక పెట్టె ఎదుట కూర్చుని చూచిన ప్రభువు, ధనవంతులు విశేషముగా వేస్తుండగా, రెండు కాసులు వేసిన బీద విధవరాలినే శిష్యులకు చూపించాడు. కనీసం ఇంత అని గీత గీసిన సంఘంలో ఆ రెండు కాసులకు చోటు ఉండదు. ముందుగా ఆ 300 రూపాయల నియమాన్ని తీసివేయండి. మిగిలినది తరువాత ఆలోచించవచ్చు.

జవాబు 2 (డోర్నకల్ ప్రాంతం, స్త్రీల సమాజం):

అన్నగారి మాటకు మా ప్రాంతపు అనుభవం ఒకటి చేర్చాలనిపించింది. మా అమ్మమ్మ అన్నం వండే ప్రతి పూటా ఎసట్లో పోయడానికి ముందు ఒక పిడికెడు బియ్యం తీసి, విడిగా ఒక కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు, సంఘం ప్రధానంగా మాల మాదిగ పల్లెల కూలి జనంతో నిండి ఉన్న ఆ కాలంలో, ఇవ్వడం ఆరాధనలో భాగమని పట్టుదలగా బోధించారు. విదేశీ మిషను డబ్బుతోనే నడిచే సంఘానికి తన కాళ్ల మీద నిలబడే గౌరవం ఎప్పటికీ రాదని ఆయన నమ్మకం. పిడికెడు బియ్యంలో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, అది మిగిలిన అన్నం నుండి కాక, వండబోయే బియ్యం నుండి తీసినది. ఆ పిడికెడు ఎవరి ఇంటిదో కుప్పలో కలిశాక ఎవరికీ తెలియదు.

కోత పండుగలో మాత్రం మేము కొంత దారి తప్పుతున్నామని నా అభిప్రాయం. గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యపు మూటలు తెచ్చి సమర్పించడం, వాటిని వేలం వేయడం మంచి ఆచారమే. ఒక కోడిని దాని ధరకు ఎన్నో రెట్లకు పాడుకునేవారి సంతోషం కూడా నిజమైనదే. ఆ తరువాత మైకులో పేర్లను, మొత్తాలను చదవడమే నాకు బాధగా ఉంటుంది. కుడిచెయ్యి చేయునది ఎడమచేతికి తెలియకూడదన్న మాటను మనం గట్టిగా పాటించవలసిన చోటు గుడియే కదా.

జవాబు 3 (హైదరాబాదు, బైబిలు తరగతి బోధకుడు):

ఇద్దరి మాటలతోను ఏకీభవిస్తూనే ఒక సంగతి విడిగా చెప్పాలి. మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే బహుమతి దేవునికి చెందదని అనుకోకండి. చెరసాలలో ఉన్న పౌలుకు ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు అనే సహోదరుని చేత సహాయం పంపింది. దానిని తెచ్చిన అతడు రోగియై చావుకు దగ్గరయ్యాడు. అందుకున్న పౌలు దానిని దేవునికి ప్రీతికరమైన యాగమని పిలిచాడు. ఒక ఖైదీ అవసరం తీర్చిన వస్తువులు బలిపీఠం చేరినట్లే అతడు లెక్కించాడు. అందువల్ల మానివేయడం కన్నా సరిదిద్దుకోవడమే మేలు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంట కోయును అన్న వచనాన్ని పట్టుకుని, ఇంత వేస్తే ఇన్ని రెట్లు వస్తుందని చెప్పే బోధ ఇప్పుడు విస్తారంగా వినబడుతోంది. ఆ వచనం తరువాతి నాలుగైదు వచనాలు చదివితే, దేవుడు సమృద్ధి ఇచ్చేది ప్రతి సత్కార్యం కోసమని, ఇంకా ఉదారంగా ఇవ్వడం కోసమని స్పష్టంగా ఉంది. రాబడి కోసం ఇచ్చినది అప్పు అవుతుంది. తిరిగి పిలువగలవారిని కాక బీదలను విందుకు పిలువుమని లూకా 14లో ప్రభువు చెప్పినదీ ఈ కారణం చేతనే.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. నియమం తీసివేయాలని ఈ ఆదివారం పెద్దలను అడుగుతాను. ఆ సహోదరితో ఏమని మాట్లాడాలో మాత్రం తెలియడం లేదు. సహాయం పట్టుకుని వెళితే నొచ్చుకుంటుందేమో.

జవాబు 2 రాసిన సహోదరి:

ఏమీ పట్టుకుని వెళ్లకండి, బాబూ. మీ సమాజంలోని ఇద్దరు ఆడపిల్లలను వెంట తీసుకుని సాయంకాలం ఆమె ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసి, ఆమె టీ ఇస్తే త్రాగండి. క్రిస్మస్ రోజు భోజనాల వంటకు ఆమెను ముందుండమని అడగండి. ఈసారి చీటీల్లో పేరు వేయమంటుందో లేదో ఆమెకే వదిలేయండి.