45క్యూ పన్ను రాయితీ: పట్టుకున్న కార్బన్‌ను సరుకుగా మారిస్తే ఎంత దక్కుతుంది?

ప్రశ్న: అమెరికా పన్ను చట్టంలోని 45క్యూ సెక్షన్ కింద, పరిశ్రమల పొగ నుంచో గాలి నుంచో పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను భూగర్భంలో నిల్వ చేస్తే టన్నుకు 85 డాలర్లు, దానితో సరుకు తయారుచేస్తే 60 డాలర్లు అని 2022 నాటి వ్యాసాల్లో చదివాను. ఆ తేడా ఇప్పటికీ ఉందా? కాంక్రీటు దిమ్మెల తయారీలో ఈ వాయువును వాడేవారికి రాయితీ అందుతుందా?

మొదటి సమాధానం: 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ తేడాను తొలగించింది. ఆ తేదీ తర్వాత వినియోగంలోకి వచ్చిన పరికరాలకు రెండు మార్గాల్లోనూ 85 డాలర్లే. గాలి నుంచి నేరుగా పట్టే కేంద్రాలకైతే 180. కార్మికులకు నిర్ణీత వేతనం ఇవ్వాలి, శిక్షణలో ఉన్న అప్రెంటిస్‌లకు పని కల్పించాలి అన్న నిబంధనలు పాటించకపోతే మాత్రం ఇందులో ఐదో వంతే మిగులుతుంది కనుక, లెక్కలు వేసేటప్పుడు దీన్ని మరవకండి. నిర్మాణం 2033కు ముందే మొదలవ్వాలి. రాయితీ 12 ఏళ్లు వస్తుంది.

రెండో సమాధానం: రేటు కన్నా టన్నుల లెక్కే కష్టమని నా అభిప్రాయం. పైపులోకి వెళ్లిన వాయువంతటికీ రాయితీ ఇవ్వరు. ముడిసరుకు నుంచి విద్యుత్తు వరకు మొత్తం జీవనచక్రాన్ని విశ్లేషించి, వాతావరణంలోకి చేరకుండా నిజంగా ఆగినదెంతో నిరూపించాలి. కాంక్రీటులో వాయువు కార్బనేట్ ఖనిజంగా స్థిరపడుతుంది కాబట్టి ఆ నిరూపణ, మండితే వాయువును మళ్లీ వదిలే ఇంధనాలతో పోలిస్తే సులువు. పైగా, పారిశ్రామిక కేంద్రం ఏటా కనీసం 12,500 టన్నులు పట్టాలి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. వాయువును పట్టేది వేరే సంస్థ అయితే రాయితీ ఎవరిది?

మొదటి సమాధానమిచ్చినవారు: పట్టే పరికరం యజమానిది. ఆయన కోరుకుంటే, వాయువును వినియోగించే మీకు దాన్ని బదలాయించవచ్చు. ఒప్పందంలోనే ఆ మాట రాయించుకోండి.